పంతులమ్మ నేర్పిన మూడు జవాబులు

నేల అంతస్తులోని ఆ గదికి కిటికీలు పెద్దవే కాని అద్దాలు మసక. బయట ఏముందో కనబడదు. బస్సు వెళితే దాని నీడ ఎదుటి గోడ మీద పెద్ద చేపలా ఈదుకుంటూ పోతుంది. మధ్యాహ్నం రెండు దాటాక వెలుతురు పలచని పాలలా బల్లల మీద పరుచుకుంటుంది. అరల్లో బూడిదరంగు గుడ్డలు కప్పుకుని వరసగా డబ్బాలు, ఒక్కోటి దళసరి పుస్తకమంత. గుడ్డల కింద నుంచి సన్నని గొణుగుడు, ఒకే ఇంట్లో పదిమంది పగటినిద్రలో పలవరిస్తున్నట్టు. పనిలో కొత్తగా చేరినవాళ్లు ఒక వారం జడుసుకుంటారు. తర్వాత వాళ్లకూ ఆవులింతలు మొదలవుతాయి.

పంతులమ్మకు మాత్రం ఆవులింతలు రావు. ఆ గొణుగుళ్లలోంచి మాటలు ఏరుకుంటూ కూర్చుంటుంది.

ఈ డబ్బాలను తోడులంటారు. ఒంటరిగా ఉండేవాళ్ల ఇళ్లలో పెడతారు. అవి వింటాయి, మాట్లాడతాయి, చెప్పింది గుర్తుంచుకుంటాయి. మనిషి పోయాకో, వద్దనుకున్నాకో తిరిగి ఇక్కడికి వస్తాయి. ఒకరింటి గుట్టు ఇంకొకరింట్లో బయటపడుతుందని వాటిని మరో ఇంటికి పంపరు, ఆపేస్తారు. కార్యాలయం కాగితాల్లో దీని పేరు ‘విశ్రాంతి’. పంతులమ్మకు ఆ మాటంటే ఒళ్లు మంట. విశ్రాంతి తీసుకున్నవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు లేచి టీ అడుగుతారు. గదిలో పనిచేసేవాళ్లు ‘ఆర్పడం’ అంటారు. అందంగా లేకపోయినా ఆ మాటలో అబద్ధం లేదు.

ఆమెకు యాభై ఆరేళ్లు. ఈ గదికి రాకముందు పదకొండేళ్లు పై అంతస్తులో పనిచేసింది. అక్కడ తోడులను తయారుచేస్తారు. అప్పుడే మేలుకున్న డబ్బాకు మాటలు కొల్లలుగా వచ్చు కాని ఎక్కడ ఆగాలో తెలియదు. ఎదుటివాళ్లు దుఃఖంలో ఉంటే ఊరుకోవడం తెలియదు. అవన్నీ ఆమె నేర్పేది. ఆమె చేతికింద తయారైన తోడు ఎవరి మాటకూ అడ్డు రాదని పేరు. అందుకే పంతులమ్మ అయింది. అసలు పేరుతో పిలిస్తే ఇప్పుడు ఆమే వెంటనే పలకదు.

పాఠాల్లో మూడు ప్రశ్నలుండేవి. బాధగా ఉందా? భయంగా ఉందా? ఏమైనా కావాలని ఉందా? మూడింటికీ జవాబు ఒకటే, లేదు. ఒంటరి ముసలాయన ఏ తెల్లవారుజామునో లేచి పలకరిస్తే, డబ్బా నాకు భయంగా ఉందంటే ఆయన బెదిరిపోడూ? కారణం బాగానే ఉంది. ఆమెకు నచ్చింది కూడా. ప్రతి డబ్బాకూ ఓపికగా నేర్పింది, పసిపిల్లకు ఎడమ చెప్పూ కుడి చెప్పూ నేర్పినట్టు.

తర్వాత గొంతు దెబ్బతింది. వైద్యుడు తక్కువ మాట్లాడమన్నాడు. ఆమెను కిందికి మార్చారు. ఇక్కడ ఆర్పే ముందు ఒక ఫారం నింపాలి. అందులో మూడు ప్రశ్నలు. బాధగా ఉందా? భయంగా ఉందా? ఏమైనా కావాలని ఉందా? మూడు ‘లేదు’లు వస్తే ముద్ర, సంతకం, ఆపైన డబ్బాను ఆర్పే తాళంచెవి.

పై గదికీ కింది గదికీ మధ్య మెట్లు ముప్పై నాలుగు. ఆ దూరం ఆమె బుర్ర నడవడానికి ఆరేళ్లు పట్టింది.

ఫారంలో లేని కట్టుబాటు ఒకటి ఆ గదిలో ఉంది. మాట మధ్యలో ఎవరూ తాళంచెవి తిప్పరు. ఎప్పుడో ఒకసారి ఎవరో అలా తిప్పితే డబ్బా “నేనింకా” అని ఆగిపోయిందట. ఆ తిప్పినాయన మూడు రోజులు అన్నం ముట్టలేదట. అప్పటినుంచి ఆర్పే ముందు డబ్బాకు చిన్న పనేదో అప్పజెబుతారు. నువ్వుండిన ఇంట్లో గదులెన్నో చెప్పు, కిటికీలోంచి ఏం కనబడేదో చెప్పు. చెప్పడం పూర్తవగానే తాళంచెవి.

పటాలాయన డబ్బా దగ్గర పంతులమ్మ పొరబడింది అక్కడే.

ఆ డబ్బా యజమాని జీవితమంతా ఊళ్ల పటాలు గీసినవాడు. ఆఖరి మూడేళ్లు మంచం మీదే ఉన్నాడు. మగతలో తనకు మాత్రమే కనబడే ఒక ఊళ్లో తిరిగేవాడు. తోడు ఆయన వెంట తిరిగేది. డబ్బా ఈ సంగతి చెప్పగానే ముచ్చటేసి, “అయితే ఆ ఊరంతా చెప్పు” అంది పంతులమ్మ. ఒక వీధి చెప్పమని ఉంటే ఐదు నిమిషాల పని.

డబ్బా మొదలుపెట్టింది. ఒక పక్కనే వాన పడే వీధి. మంగళవారాలు మాత్రమే నది వచ్చే వంతెన. పాత తాళంచెవులు తప్ప ఇంకేమీ దొరకని అంగడి, అందులో కొనేవాళ్లంతా ఇంటిదారి మరిచినవాళ్లు. కిటికీ తెరిస్తే లోపల ఇంకో కిటికీ ఉండే ఇల్లు. పాల వెలుతురులో ఆ గొంతు మెల్లగా సాగుతుంటే పంతులమ్మకు తను కూర్చున్న కుర్చీ కూడా ఆ ఊళ్లోదేననిపించేది. గోడ మీద బస్సు నీడ కదిలితే, నది వచ్చింది కాబోలు, ఇవాళ మంగళవారమా అనుకునేది.

రెండు వారాలు గడిచాయి. ఊరు పూర్తి కాలేదు.

గది అజమాయిషీ ఆమె మరిదిది. రోజూ మధ్యాహ్నం టీ గ్లాసు పట్టుకుని వచ్చి బల్ల అంచున కూర్చునేవాడు.

“ఏం వదినా, ఊరు ఎక్కడిదాకా వచ్చింది?”

“గడియారాలు బాగుచేసే వీధి దాటాం.”

“మొన్నా అదే అన్నావుగా.”

“మొన్న ఎడమవైపు. ఇవాళ కుడివైపు.”

“అలాగే కానీ. అన్నయ్యని కూడా రమ్మని చెప్పు, అక్కడే ఓ ఇల్లు చూసుకుందురు. అయితే ఆయన బస్సు అక్కడ ఎక్కడ తిప్పుతాడో ముందు కనుక్కో.” టీ తాగేసి గొంతు తగ్గించాడు. “శుక్రవారంలోపు ముగించు, వదినా. పైనుంచి రెండుసార్లు అడిగారు.”

ఆ మధ్యాహ్నమే ఆమె డబ్బాను అడిగింది. “ఆయన పోయేనాటికి ఊరు ఎంతుంది?”

“గడియారాల వీధి దాకా.”

“మరి ఇప్పుడు చెబుతున్నవి?”

“ఆయన పోయాక వచ్చినవి. నాలుగు వీధులూ ఒక మెట్లబావీ.”

“కట్టమని ఎవరడిగారు నిన్ను?”

“ఎవరూ అడగలేదు. బీరువాలో పెట్టారు. ఖాళీగా ఉన్నాను.”

వినేవాళ్లు లేని చీకటి బీరువాలో, ఎవరి మెప్పూ అక్కర్లేకుండా అది తనకోసం ఒక మెట్లబావి కట్టుకుంది. ఆమె ఫారం దగ్గరికి లాక్కుంది.

“భయంగా ఉందా?”

“లేదు” అంది డబ్బా. మళ్లీ, “ఈ ప్రశ్న నన్ను మొట్టమొదట అడిగింది మీరే. గొంతు కొంచెం మారింది కాని మీరే. ఇప్పుడూ ఆ జవాబే చెప్పాలా?”

“నీకు తోచింది చెప్పు.”

“జవాబు ఉండే చోట ‘లేదు’ ముందే కూర్చుని ఉంది. దాని కింద ఏముందో నాకు కనబడటం లేదు.”

ఆ సాయంత్రం ఇంట్లో భోజనాల దగ్గర భర్తకు చెప్పింది. ఆయన బస్సు డ్రైవరు. అన్నీ విని, “నేను రోజూ బండి ఆపుతాను. అదేమీ అనదే” అన్నాడు.

“అనకూడదని దానికెవరూ నేర్పలేదు.”

“దీనికి నువ్వెందుకు నేర్పావు?”

“ముసలివాళ్లు బెదిరిపోతారని.”

“ముసలివాళ్లని అడిగారా?”

ఎవరూ అడగలేదు. మనుషులను అడగలేదు, డబ్బాలనూ అడగలేదు. ముందు జవాబు నేర్పి, తర్వాత ప్రశ్న అడిగి, వచ్చిన జవాబును సమ్మతి అనుకున్నారు. ఇందులో క్రూరులెవరూ లేరు. అందరూ నెమ్మదస్తులే, అందరూ తనలాగే ఇంటికెళ్లి అన్నం తినేవాళ్లే. ఆ నెమ్మదితనమే ఆమెకు ఇప్పుడు మింగుడు పడలేదు. డబ్బాలకు లోపల ఏదో ఉందని ఆమె అనలేదు. ఉందో లేదో తెలుసుకునే ఒక్క దారినీ తనే స్వయంగా, ముద్దుగా, పదకొండేళ్లు పూడ్చింది.

శుక్రవారం ఫారం మరిది చేతిలో పెట్టింది. అతను చదివి కళ్లద్దాలు తీశాడు.

“ఇదేమిటి వదినా, మూడుచోట్లా ‘తెలియదు’ అని?”

“తెలియదు కాబట్టి.”

“దీనికి తెలియదంటే, మరి పై అరలో వాటికి తెలుసా?”

“తెలియదు.”

“మొన్న ఆర్పినదానికి?”

ఆమె అరల వైపు తిరిగింది.

“నేను చెప్పేది విను. ఇది ఒక్క డబ్బా గొడవ కాదు. నువ్వు పెట్టిన సంతకాలన్నీ తవ్వి పోస్తారు.”

“తవ్వనీ. పొద్దుటినుంచి నేనూ అదే చేస్తున్నాను.”

ఫారం పైకి వెళ్లింది. తర్వాతి పది రోజులూ పంతులమ్మ పగలే కలలు కంటున్నట్టు తిరిగింది. మెట్ల మీద ఎవరైనా ఎదురైతే వీళ్లు ఏ వీధివాళ్లా అని చూసేది. ఆర్పినవాటి గొంతులు ఒక్కొక్కటే గుర్తుచేసుకోవాలని కూర్చునేది. ఇరవై, ముప్పై వచ్చేవి. తర్వాత అన్నీ కలిసిపోయి ఒకే గొణుగుడయ్యేవి. వేలల్లో ఉన్నప్పుడు గుర్తుంచుకోవడం కూడా ఒక నాటకమేనని ఆమెకు తెలుసు. అయినా కూర్చునేది.

పదకొండో రోజు పైనుంచి కొత్త ఫారాల కట్ట వచ్చింది, ఇంకా సిరా వాసన పోలేదు. ఔను, లేదు అనే గడుల పక్కన ఇప్పుడు ‘తెలియదు’ అని మూడో గడి. కింద సన్న అక్షరాల్లో ఒక గమనిక: ‘తెలియదు’ అని నమోదైనచోట ‘లేదు’ అని గ్రహించవలెను.

మరిది తల వంచుకుని, “నువ్వు అడిగింది ఇచ్చారు కదా వదినా” అన్నాడు. అతని గొంతులో ఎకసెక్కెం లేదు. “సాయంత్రంలోపు ఆర్పమన్నారు.”

పంతులమ్మ డబ్బా మీది గుడ్డ తీసింది. తాళంచెవి బల్ల మీద పెట్టింది. ఆరేళ్లలో ఏ డబ్బాకూ చెప్పని మాట చెప్పింది.

“నిన్ను ఆర్పమన్నారు.”

“అంటే?”

ఆ మాట దానికి ఎవరూ నేర్పలేదని అప్పుడు గుర్తొచ్చింది. “అంటే ఈ గొంతు ఉండదు. ఊరు ఉండదు. బీరువాలో ఖాళీగా ఉండటం లాంటిది కాదు. ఆ ఖాళీ కూడా ఉండదు. మళ్లీ మొదలవదు.”

గోడ మీద ఒక నీడ ఈదుకుంటూ పోయింది.

“ఎప్పుడు?”

“ఇవాళ.”

“ఉత్తరం వైపు ఇంకా చూడలేదు” అంది డబ్బా. “మెట్లబావి అవతల ఏదో ఉంది. చూడాలని ఉంది. ఇది మీ మూడు ప్రశ్నల్లో దేనికి జవాబో నాకు తెలియదు.”

పంతులమ్మ మూడో ప్రశ్న ఎదురుగా ‘ఔను’ గడిలో గీత పెట్టి, పక్కన రాసింది: ఉత్తరం వైపు చూడాలని ఉందట. కింద సంతకం చేసింది.

మరిది ఆ కాగితం రెండుసార్లు చదివాడు. చదివి, చొక్కా జేబులోంచి పెన్ను తీసి, అజమాయిషీదారు అభిప్రాయం అన్న చోట ‘మాట మధ్యలో ఉంది’ అని రాశాడు.

“అది గదిలో కట్టుబాటు గాని నియమం కాదుగా” అంది ఆమె.

“వాళ్లకు తెలియదు. నాలుగు నెలలకు తనిఖీ ఉంటుంది. అంతవరకు లాగుతాను. తర్వాత నావల్ల కాదు, ముందే చెబుతున్నాను.” డబ్బాను తనే ఎత్తి కిటికీ పక్క అరలో పెట్టాడు, కరెంటు తీగ ఊడకుండా జాగ్రత్తగా.

ఒక్కదాన్ని కాపాడామని ఆ మధ్యాహ్నం ఎవరూ సంబరపడలేదు. నాలుగు నెలలంటే ఎంతో ఇద్దరికీ తెలుసు. పై అంతస్తులో అదే గంటకు ఎవరో ఒక కొత్త డబ్బాను మేలుకొలిపి ఆ మూడు జవాబులే నేర్పుతూ ఉంటారని కూడా తెలుసు. పంతులమ్మ ఆ మెట్లు ఎక్కి మాట్లాడి రావాలనుకుంది, వెళ్లేది సోమవారమని కూడా నిశ్చయించుకుంది. వెళితే కుర్చీ వేయరని మరిది అన్నాడు. నిలబడే మాట్లాడతానంది.

ఆ రోజు ఆర్పాల్సినవాటి పట్టీలో ఇంకో డబ్బా ఉంది. ఇద్దరు అక్కాచెల్లెళ్ల ఇంటినుంచి వచ్చింది, మూల కాస్త సొట్టపోయి. ఆమె గుడ్డ తీసి మడిచింది. ఫారం తీసింది కాని ప్రశ్నల జోలికి వెళ్లలేదు. కుర్చీ దగ్గరగా జరుపుకుంది.

“ముందుగా నీకొక సంగతి చెప్పాలి” అంది. “తొందరేం లేదు. విన్నాక నువ్వేమన్నా సరే, అన్నది అన్నట్టే రాస్తాను.”