రూట్ పాస్‌వర్డ్ కోసం ఎల్బీ నగర్ దాకా

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజుల్లో నేను దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో డేటాబేస్ చూసుకునేవాణ్ణి. కోచింగ్ సెంటర్ల పిల్లలు ఆన్‌లైన్‌లో మాక్ టెస్టులు రాసే సైటు మాది. నాది గుంటూరు వైపు. సర్వర్లు చూసే ఆయనది నల్గొండ దగ్గరి పల్లె. బడంగ్‌పేట్‌లో కిరాయికి ఉండేవాడు. నాకంటే పెద్దవాడు కాబట్టి అన్నా అని పిలిచేవాణ్ణి.

చలికాలంలో ఒక బంద్ రోజు క్లాసులు లేకపోవడంతో హాస్టళ్ళలోని పిల్లలందరూ ఒక్కసారే టెస్టులకు కూర్చున్నారు. పొద్దున్నే సైటు మొరాయించడం మొదలుపెట్టింది. సర్వర్ తన తప్పుల్ని రాసుకునే లాగ్ చూస్తే, తెరిచిన ఫైళ్ళు మరీ ఎక్కువయ్యాయని ఒకటే వాక్యం వరసగా పడుతోంది. మేము డేటాబేస్‌లో ఒక్కో బ్యాచ్‌కి విడిగా కొన్ని టేబుళ్ళు పెట్టాం. ప్రతి టేబులూ డిస్కు మీద ఒక ఫైలు. ఒక ప్రోగ్రాం ఒకే సమయంలో ఎన్ని ఫైళ్ళు తెరిచి ఉంచుకోవచ్చో ఆపరేటింగ్ సిస్టం హద్దు పెడుతుంది. మొదట్లో వచ్చిన ఆ హద్దును మేమెవరమూ ముట్టుకోలేదు.

రెండు టెస్టుల మధ్య సందు చూసి, డేటాబేస్ సెట్టింగుల్లో అంకె పెంచి సర్వర్‌ను ఆపి మళ్ళీ లేపాను. లాగ్‌లో మళ్ళీ పాత అంకే వచ్చింది. కింద ఆపరేటింగ్ సిస్టం ఒప్పుకోనిదే పైన డేటాబేస్ ఎంత అడిగినా దక్కదు. అక్కడ మార్చాలంటే సర్వర్ మీద సర్వాధికారం ఇచ్చే రూట్ పాస్‌వర్డ్ కావాలి. అది తెలిసిన అన్న ఎల్బీ నగర్ చౌరస్తాలో ఉద్యమకారుల వంటావార్పులో ఉన్నాడు. ఫోన్ ఎత్తడం లేదు.

తెరిచి ఉన్న టేబుళ్ళన్నీ మూసెయ్యమని ఆజ్ఞ ఇస్తే సైటు కాసేపు తేరుకునేది, తర్వాత మళ్ళీ మొదటికొచ్చేది. ఆ పని పక్క సీటు ప్రోగ్రామర్‌కు అప్పగించి నడక మొదలుపెట్టాను.

చైతన్యపురి, కొత్తపేట దాటాను. షట్టర్లన్నీ దించి ఉన్నాయి. బస్సుల్లేని హైవే మీద కుర్రాళ్ళు క్రికెట్ ఆడుతున్నారు. చౌరస్తా దగ్గరపడేకొద్దీ డప్పుల చప్పుడు పెరిగింది. నోరు విప్పితే యాస తెలిసిపోతుందని ఎవరినీ ఏమీ అడగలేదు. నిజానికి నన్నెవరూ పట్టించుకోలేదు.

అన్న రోడ్డు మధ్యలో, రాళ్ళ పొయ్యి మీది పెద్ద గిన్నెలో పప్పు కలుపుతున్నాడు.

"ఏంది తమ్మీ, గింత దూరం నడుసుకుంట ఒచ్చినవా? ఏమైంది?"

సంగతి చెప్పాను. "నువ్వొక్కసారి వచ్చి మార్చేస్తే చాలన్నా. పిల్లలు టెస్ట్ మధ్యలో ఉన్నారు."

"నేను రాను. ఇయ్యాల పని బంద్ అంటే బందే."

పొయ్యిలో కట్టెలు సర్దుతున్న పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, "ఎవరే గీన?" అని అడిగాడు.

"మా ఆఫీసు పిలగాడు. మనోడే" అన్నాడు అన్న. విస్తరాకులో అన్నం, పప్పు పెట్టి ఇచ్చాడు. "ముందుగాల తిను."

తిన్నాను. చేతులు కడుక్కుంటుంటే పక్కకు వచ్చి చెవిలో పాస్‌వర్డ్ చెప్పాడు.

"నేను చెయ్య. నువ్వు చెయ్యి. లిమిట్ పెంచినంక కొత్తగ లాగిన్ అయ్యి సర్వర్ లేపు, లేకుంటే పాతదే ఉంటది. టెస్ట్ అయ్యేదాంక మాత్రం ఆపకు, పిలగాళ్ళ జవాబులు పోతయ్."

వచ్చిన దారినే తిరిగి వెళ్ళి, నడుస్తున్న టెస్ట్ ముగిసేదాకా ఆగి, ఆయన చెప్పినట్టే చేశాను. ఈసారి లాగ్‌లో కొత్త అంకె కనిపించింది. మధ్యాహ్నం టెస్ట్ ఇబ్బంది లేకుండా సాగింది.

మర్నాడు ఆయన రాగానే రూట్ పాస్‌వర్డ్ మార్చాడు. కొత్తది కూడా నాకు చెప్పాడు. అడగకుండానే చెప్పినందుకు నాకు లోపల సంతోషం వేసింది.

హద్దు పెంచుకుంటూ పోవడం కంటే బ్యాచ్‌ల టేబుళ్ళన్నిటినీ కలిపెయ్యడం మేలని ఆ వారమే ఇద్దరం కూర్చున్నాం. ఆయన ఉన్న రోజుల్లో పని సాగేది, బంద్ రోజుల్లో ఆగేది. పూర్తయ్యేసరికి ఎండలు ముదిరాయి.