చేపలున్నట్టు రుజువు

ఆయన్ని ఆఫీసులో అందరూ కొర్రీ అనేవారు, ఆయన పక్కన లేనప్పుడు. ఏ ఫైలొచ్చినా ఏదో ఒక వంక పెట్టి, కొర్రీ రాసి తిప్పి పంపడమే ఆయన ఉద్యోగం. అంతకుమించి ఆ మహానుభావుడు జీవితంలో ఊడబొడిచింది ఏమీ లేదు.

ఆయన్ని చదివించింది అక్క. బుట్ట నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగి, చేపలమ్మి చదివించింది. ఉద్యోగం రాగానే తమ్ముడికి చేపల వాసన పడకుండా పోయింది. ఏరు దాటి తెప్ప తగలేసేవాళ్ళను చూశాం గానీ, ఈయన తగలేసే ముందు తెప్పకు నోటీసు కూడా ఇచ్చే రకం.

అక్క వాళ్ళ వాగుకి అడ్డంగా ఒక పాత గోడ ఉంది. ఎప్పుడో మూతపడ్డ మిల్లు కోసం కట్టింది. కొత్తనీరు రాగానే చేపలు గుడ్లు పెట్టడానికి పైకి ఎదురీదుతాయి, గోడ దగ్గర ఆగిపోతాయి. ఏటేటా తగ్గి, చివరికి ఒక్క గుంపు మిగిలింది. అదీ పోతే ఆ వాగులో ఇక చేపన్నది ఉండదు. ఈసారి కొత్తనీటికి ముందే గోడ తీసేద్దామని జాలర్లంతా అనుకున్నారు. అనుమతి లేకుండా తాకితే కేసు. అందుకని అక్కని పంపారు.

పైవాళ్ళు కూడా అప్పుడే మంచి ఆర్డరొకటి వేశారు. చేపల తావులు బాగుచేసే పనులకు బల్ల బల్లా తిరగక్కర్లేదు, ఒక్క బల్ల దగ్గరే వెంటనే అనుమతి. ఆ బల్ల కొర్రీకిచ్చారు. కుక్కను అందలమెక్కిస్తే కుచ్చులన్నీ కొరికిందని ఊరికే అనలేదు పెద్దలు.

"గోడకి ఎగువన చేపలున్నాయా?" అన్నాడు అక్క ఇచ్చిన కాగితం చూసి.

"లేవు. గోడుంటే ఎలా వస్తాయిరా?"

"లేనప్పుడు అది చేపల తావెలా అవుతుంది? ఉన్నట్టు రుజువు తీసుకురండి."

తోడబుట్టినదాన్ని పట్టుకుని మీరు అన్నాడు. ఆఫీసులో చుట్టరికాలుండవట.

"పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు అన్నట్టుందిరా నీ వరస," అంది అక్క. "వానలు దగ్గరపడ్డాయి. కాస్త చూడు."

చూశాడు. చూసి కొర్రీ రాశాడు. ఆ సాయంత్రం ఇంట్లో టీ తాగుతూ, "సొంత అక్కనైనా వదల్లేదు," అని చెప్పుకున్నాడు.

"అది చెప్పుకునే మాటేనా?" అని భార్య కప్పు తీసుకుని లోపలికి పోయింది.

కొత్తనీరు వచ్చింది. చేపలు గోడదాకా వచ్చి, ఎగిరి ఎగిరి రాళ్ళమీద పడ్డాయి. నీరు తీశాక గోడ కింద గుంటలో మిగిలినవి కూడా చచ్చాయి. అక్క వాటిని ఏరి, బుట్టలో పెట్టి తెచ్చి ఆయన బల్లమీద దించింది. అన్నిటికీ పొట్టనిండా గుడ్లే.

"రుజువు," అంది.

ఆయన ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని తొంగిచూశాడు. మొహం వెలిగిపోయింది. "ఉన్నాయన్నమాట. ఇది ముందే తెస్తే అయిపోయేదిగా," అని అప్పటికప్పుడు ముద్ర కొట్టాడు. ఇంత త్వరగా అనుమతి ఇంకెవరూ ఇవ్వలేదని పై అధికారి ఆయనకి శాలువా కప్పాడు. సిగ్గులేని మనిషి, కప్పించుకున్నాడు.

గోడ తీశారు. మరుసటేడు కొత్తనీరు ఏ అడ్డూ లేకుండా పారింది. పైకి ఎదురీదడానికి చేప లేదు. పనివల్ల ఏపాటి చేపలు వచ్చాయో తెలపమని కొర్రీ అక్కకి కాగితం పంపాడు. అక్క రాలేదు, ఖాళీ బుట్ట పంపింది. ఆయన్ని చదివించిన బుట్టే అది. ఆయన దాన్ని గుర్తుపట్టలేదు. వాసనొస్తోందని బయట పెట్టించి, జవాబు అసంపూర్తిగా ఉందని రాశాడు.