చదవలేదన్న కాగితం

మా బాపు ఏ కాగితాన్నీ నమ్మడు. కరెంటు బిల్లు వచ్చినా సరే, గడపలో నిలబడి వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదవాల్సిందే. ఇది ఊరికే పట్టుకున్న జబ్బు కాదు. యాచారం దగ్గర మా భూముల ధరలు చూస్తుండగానే ఆకాశానికెక్కిన రోజుల్లో, ఒక బ్రోకరు ‘ఉత్త అగ్రిమెంటే’ అని పెట్టించుకున్న సంతకంతో రెండెకరాలు పోయాయి. ఐదో తరగతితో బడి మానేసిన ఆ మనిషి, అప్పటినుంచీ చదవకుండా దేని మీదా సంతకం పెట్టలేదు. ఆ అనుమానం నాకూ కొంత అంటుకుంది.

ఇంటర్ అయ్యాక మొదటిసారి రాసిన మెడిసిన్ ప్రవేశ పరీక్షలో నాకు మంచి ర్యాంకు రాలేదు. ఇబ్రహీంపట్నంలో మా అద్దె ఇంట్లోనే ఏడాది కూర్చుని చదివి మళ్లీ రాశాను. ఈసారి సీటు వచ్చే ర్యాంకే వచ్చింది. కానీ సర్టిఫికెట్ల పరిశీలనకు గ్యాప్ సర్టిఫికెట్ ఒకటి కావాలట. ఆ ఏడాది నేను ఏ కాలేజీలోనూ చేరలేదని తండ్రి నోటరీ ముందు సంతకం పెట్టి ఇవ్వాలి. అది లేకపోతే వెనక్కి పంపేస్తారని, ఇక సీటు మీద ఆశ వదులుకోవాల్సిందేనని అందరూ బెదరగొట్టారు. పరిశీలన మర్నాడే.

తహశీల్దారు ఆఫీసు ఎదుట రేకుల కింద కూర్చునే టైపిస్టు కాగితం కొట్టి ఇచ్చాడు. బాపు వేలు పెట్టి చదువుతూ మధ్యలో ఆగిపోయాడు.

“‘ఏడాది పాటు ఎక్కడా చదవకుండా ఖాళీగా ఉన్నది.’ గిదేంది?”

“గ్యాప్ అంటే గదే పెద్దమనిషీ. అందరికి గిట్లనే రాస్త,” అన్నాడు టైపిస్టు.

“ఖాళీగ ఎప్పుడున్నది? తెల్లారకముందే లేసి సదివింది. చాయ్ పెట్టిచ్చింది నేనే. రేపు ‘నీ బిడ్డ సదవలేదని నువ్వే రాసిచ్చినవ్’ అని సీటు గుంజుకుంటే?”

“బాపూ, జల్ది సంతకం పెట్టు. నోటరీ సారు పోతున్నడు.”

“గాయన గూడ జల్ది పెట్టుమనే అన్నడు.”

గాయనంటే బ్రోకరు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆడపిల్లను హాస్టలుకు పంపడం ఇష్టం లేకే ఈ వంక పెడుతున్నాడేమోనని అనుమానం కూడా వచ్చింది. ఆపుకోలేక, “నన్ను పంపబుద్ధి అయితలేదా నీకు?” అని అడిగేశాను.

బాపు నన్ను అదోలా చూసి సంతకం పెట్టాడు. పెట్టి పెన్ను వదల్లేదు. కింద మిగిలిన జాగాలో వంకర టింకర అక్షరాలతో రాశాడు: ‘ఇంట్ల మస్తు సదివింది. నేను జూసిన.’ టైపిస్టు నెత్తి కొట్టుకున్నాడు. నోటరీ మాత్రం అదేమీ చూడకుండానే ముద్ర గుద్ది, బండెక్కి వెళ్లిపోయాడు.

మర్నాడు హైదరాబాదు వెళ్లే బస్సులో దారి పొడుగునా బాపును మనసులో తిట్టుకుంటూనే ఉన్నాను. కౌంటరు దగ్గర ఆ రాత మీద బొటనవేలు అడ్డం పెట్టి కాగితం అందించాను. ఆఫీసరు వేలు తీయమన్నాడు.

“ఇదేంటమ్మా? పైన చదవలేదు, కింద చదివింది. ఏది నిజం? ఎక్కడో చేరి దాస్తున్నావా?”

సర్టిఫికెట్ల సంచి పట్టుకుని నా వెనకే ఉన్న బాపు ఏదో చెప్పబోయాడు. నేను చెప్పనివ్వలేదు.

“మా బాపుకు చదువు రాదు సార్. తెల్వక రాసిండు.”

ఆఫీసరు ఆయన్ని ఒకసారి, నన్ను ఒకసారి చూసి టిక్కు పెట్టాడు. ఒరిజినల్స్ అన్నీ తీసుకుని ఒక రసీదు ఇచ్చాడు. హమ్మయ్య అనుకున్నాను.

బయటికొచ్చి, అలవాటు కొద్దీ రసీదు బాపు చేతిలో పెట్టాను. ఒక్క అక్షరమూ చూడకుండా తిరిగి నాకే ఇచ్చేశాడు.

“నువ్వే సదువు బిడ్డా. నాకు రాదాయె.”

కోపంతో అన్నా బాగుండేది. చాలా మామూలుగా అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. గేటు పక్కన నిలబడి గట్టిగా చదవడం మొదలుపెట్టాను. నా పేరు, నా ర్యాంకు చదివాను. ‘తండ్రి పేరు’ అన్న చోట ఆగిపోయాను.

బాపు కంగారుగా కాగితం మీదికి వంగాడు.

“ఆగినవేంది? ఏమన్న తప్పు వడ్డదా అండ్ల?”