మావ తరువాత నేనే మార్కరుని

ముప్పై ఏళ్ళకు పైగా నేను టెన్నిసు ఆడి అన్నం తిన్నాను. ఈ మాట చెబితే ఇప్పటి పిల్లలు కప్పులేవి, ఫొటోలేవి అని అడుగుతారు. నేను ఆడింది ఒక్క ఊరిలో, ఒక్క క్లబ్బులో, పేడతో అలికిన రెండు కోర్టుల మీద. నేను మార్కరుని. మార్కరంటే క్లబ్బు దగ్గర జీతం తీసుకుని మెంబర్లతో ఆడే మనిషి. జోడీ దొరకని వాళ్ళకు జోడీ, కొత్తగా వచ్చిన వాళ్ళకు గురువు. డబ్బు తీసుకుని ఆడేవాళ్ళు పోటీల్లో దిగకూడదని ఆ రోజుల్లో నిబంధన. అందుకని నాకు కప్పుల ప్రశ్నే లేదు. కానీ మా విజయనగరంలో నాకు ముందు ఆడమనిషి ఎవరూ ఆ పని చెయ్యలేదు. అది నాకెలా దక్కిందో చెప్పాలని చాలా కాలంగా ఉంది. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను కాబట్టి ఇంకొకరిని బతిమాలే పని లేకుండా నేనే రాస్తున్నాను.

క్లబ్బులో మొదట మార్కరు మా మావ, అంటే మా అమ్మ తమ్ముడు. మాది గజపతినగరం దగ్గర పల్లె. మావకి పిల్లలు లేరు. అత్తకి చేతిసాయంగా ఉంటానని నన్ను చిన్నతనంలోనే తెచ్చుకున్నారు. క్లబ్బు వెనక రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం. ఆ ఇల్లు మార్కరు పనితో వచ్చినది. పొద్దున్నే అత్తా నేనూ పేడ కలిపి కోర్టు అలికేవాళ్ళం. అది ఆరాక మావ తాడు పట్టి సున్నంతో గీతలు గీసేవాడు. మెంబర్లు వచ్చేసరికి కోర్టు పెళ్ళివారిల్లులా ఉండేది.

తీగలు తెగిన పాత రాకెట్టు ఒకటి మావ బాగుచేసి నా చేతికిచ్చాడు. సామాన్ల గది గోడకేసి కొట్టుకోవడం నా ఆట. గోడ అవతల కునుకు తీసే కాపలా తాత "ఒసే గుంటా, ఆ గోడేటి సేసిందే నిన్ను?" అని అరిచేవాడు. కొన్నాళ్ళకు మావ నన్ను కోర్టులోకి దించాడు. ఫిఫ్టీన్, థర్టీ, ఫార్టీ అని ఇంగ్లీషులో లెక్క పెట్టడం నాకు తెలుగులో అ ఆలు రాకముందే వచ్చింది.

మావ నేర్పిన ఆట వేరు. మార్కరు గెలవడానికి ఆడడు. "బంతి ఆళ్ళ రాకెట్టు కాడికి నడిసెల్లాల," అనేవాడు. "ఆళ్ళు ఎతుక్కోకూడదు. పెద్దమనిసి పది బంతులు కొట్టి సెమట పట్టి, అబ్బ ఈ పూట బాగా ఆడేన్రా అనుకుంటూ ఇంటికెల్లాల. అదే మన పని." మునసబు గారికి నడుం వంగదు, ఆయనకు బంతి నడుం ఎత్తున రావాలి. జూటు మిల్లు మేనేజరు గారికి ఎడమ పక్క అసలు పనికిరాదు, ఆయనకు ఎప్పుడూ కుడి పక్కే. ఇలా ఒక్కొక్కరికీ ఒక్కో రకంగా బంతి వెయ్యడం నా చేతికి పట్టుబడిపోయింది. కళ్ళు మూసుకున్నా పడవలసిన చోట పడేది.

ఆడవాళ్ళ ఆస్పత్రి డాక్టరమ్మ గారు మద్రాసులో చదివేటప్పుడు టెన్నిసు ఆడేవారట. ఆవిడ మా క్లబ్బులో చేరాక ఆవిడతో ఆడడానికి నేనే వెళ్ళేదాన్ని. పొలంలో దిగే ఆడవాళ్ళలా చీర పైకి దోపి, వట్టి కాళ్ళతో ఆడేదాన్ని. ఆవిడను చూసి ఇంకో ఇద్దరు ముగ్గురు ఆఫీసర్ల భార్యలు కూడా రావడం మొదలుపెట్టారు.

విశాఖ ఉక్కు గొడవలు సద్దుమణిగిన మరుసటి ఏడు, వానాకాలంలో మావ తడి కోర్టు మీద జారిపడ్డాడు. మోకాలు ఇంతైంది. కట్లు కట్టారు, నూనెలు రాశారు, ఆ కాలు మళ్ళీ పూర్తిగా వంగలేదు. కొన్ని నెలలు, ఒప్పుకున్న మెంబర్లతో నేనే ఆడి నెట్టుకొచ్చాను. చలికాలం వచ్చేసరికి కమిటీలో మాట బయల్దేరింది. క్లబ్బు కార్యదర్శి ఒక ప్లీడరు గారు. విశాఖపట్నం నుంచి మార్కరును తెప్పిద్దామన్నారు. డాక్టరమ్మ గారు నా పేరు చెప్పారు. వరండాలో కుర్చీలు వేసుకుని మాట్లాడుకుంటుంటే మెట్ల కింద నేనూ మావా నిలబడి ఉన్నాం.

"ఆడపిల్లను మార్కరుగా ఎలా పెడతామండీ? మేం ఆ పిల్లతో ఎలా ఆడతాం?" అన్నారు ప్లీడరు గారు.

"మీరిప్పుడు ఎవరితో ఆడుతున్నారు? వచ్చి కాఫీ తాగి వెళ్తున్నారు," అన్నారు డాక్టరమ్మ గారు. కొందరు నవ్వారు.

ప్లీడరు గారికి కోపం వచ్చింది. "సరే, ఆటే చూద్దాం. మునసబు గారి మరదలు సెలవులకు వచ్చింది కదా, మద్రాసు కాలేజీలో ఛాంపియను. ఆదివారం ఆ అమ్మాయితో ఆడమనండి. గెలిస్తే ఈ పిల్లే మార్కరు. ఓడితే నేను విశాఖపట్నం ఉత్తరం రాస్తాను."

గెలిస్తే కోర్టు, దాని వెనక ఇల్లు. ఓడితే ముగ్గురం ఊరికి వెళ్ళిపోవాలి. ఊళ్ళో నాకు అన్నం లేకపోలేదు. నాట్లు వేస్తాను, కోతలు కోస్తాను, అవి నాకు బాగానే వచ్చు. కానీ రాకెట్టు మధ్యలో బంతి తగిలినప్పుడు మోచేతి దాకా పాకే ఆ సుఖం మళ్ళీ ఉండదు.

ఆదివారం సాయంత్రం వరండా నిండింది. ఆట అంటే పడనివాళ్ళు కూడా వచ్చారు. మద్రాసు అమ్మాయి తెల్ల గౌను, తెల్ల బూట్లతో దిగింది. మంచి పిల్ల. నా వట్టి కాళ్ళు చూసి "రాళ్ళు గుచ్చుకోవా?" అని అడిగింది.

"ఇక్కడ రాళ్ళు నేవమ్మా, పొద్దున్న నీనే అలికేను," అన్నాను.

మొదటి సెట్టు నేను ఎంత బాగా ఆడానో చెప్పలేను. బంతి అటూ ఇటూ పదిహేను ఇరవై సార్లు తిరిగేది. వరండాలో వాళ్ళు చప్పట్లు కొట్టారు. నా బంతి ఒక్కటీ నెట్టుకు తగల్లేదు. చివరికి ఆ అమ్మాయి ఒక్క దెబ్బ గట్టిగా కొట్టేది, పాయింటు ఆమెది అయిపోయేది. మళ్ళీ అంతే. మళ్ళీ అంతే. ఆరు ఒకటితో సెట్టు పోయింది. ఎందుకు పోతోందో నాకు అర్థం కాలేదు. ప్లీడరు గారు కాలు మీద కాలు వేసుకుని కాఫీ ఊదుకుంటున్నారు. డాక్టరమ్మ గారి మొహం వాడిపోయింది.

మావ కంచె బయట ముక్కాలిపీట మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. పెద్దవాళ్ళు ఆడుతుంటే మార్కరు నోరు విప్పకూడదు, అది మావ పాతికేళ్ళ అలవాటు. వైపులు మారేటప్పుడు ఆ అలవాటు తెగిపోయింది. కంచె పట్టుకుని లేచి నిలబడి ఊరంతా వినబడేలా అరిచాడు.

"ఒసే! ఆవిడేటి మనకి జీతం ఇస్తందేటే? ఎందుకే ఆవిడ సేతిలో బంతి పెడతన్నావు?"

వరండాలో గొల్లున నవ్వారు. మద్రాసు అమ్మాయి కూడా నవ్వింది. నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది. నిజమే. ఒక సెట్టంతా నేను ఆ అమ్మాయికి ఎక్కడ బాగుంటుందో చూసి చూసి అక్కడే వేశాను. నడుం ఎత్తున, కుడి పక్కన, హాయిగా కొట్టుకునేలా. ఆట ఆడలేదు, ఉద్యోగం చేశాను.

"మరెక్కడ పెట్టీది మావా?" అన్నాను.

"ఆవిడ నేని కాడ పెట్టవే, ఓలమ్మా!"

వినడానికి తేలిక. చెయ్యి వినలేదు. రెండో సెట్టు మొదటి గేములో ఆ అమ్మాయి ఒక మూలకు పరుగెత్తి ఉంది, ఆమె రెండో పక్క కోర్టంతా ఖాళీ. అక్కడ కొట్టాలని కళ్ళు చెబుతున్నాయి, చెయ్యి మాత్రం తిన్నగా ఆమె రాకెట్టుకే వేసింది. నా చెయ్యి మీద నాకు ఏడుపొచ్చింది. తరువాతి బంతికి పళ్ళు బిగించి ఎడమ మూలకు కొట్టాను. గీతకు జానెడు లోపల పడింది. ఆ అమ్మాయి కదలనే లేదు. ఎదుటి మనిషి అందుకోలేని చోట బంతి వెయ్యడం నా జన్మలో అదే మొదటిసారి. అంత మర్యాద తప్పిన పని, అంత బాగుంటుందని నాకు తెలియదు.

ఇంక ఆగలేదు. ఒకటి ఎడమకు, ఒకటి కుడికి. వెనక్కి తరిమి, ఆవిడ వెనక ఉండగా నెట్టుకు అవతల, దాని పక్కనే మెల్లగా రాల్చడం. ఇన్నేళ్ళూ ఎదుటివాళ్ళు సుఖపడాలని కుదిర్చిన గురి అంతా వాళ్ళను పరుగెత్తించడానికి పనికొచ్చింది. "భలే! భలే!" అన్నారు మునసబు గారు, సొంత మరదలని కూడా చూడకుండా. ఆయన భార్య ఆయన చెయ్యి గిల్లడం నేను కోర్టులోంచే చూశాను. రెండో సెట్టు ఆరు మూడుతో నాది.

మూడోది అంత తేలిగ్గా రాలేదు. ఆ అమ్మాయి ఊరికే ఛాంపియను అవుతుందా! సర్వీసు గట్టిగా వేసి నెట్టు దగ్గరకు దూసుకొచ్చేయడం మొదలుపెట్టింది. మావ ఎప్పుడూ నాతో అలా ఆడలేదు. వరసగా మూడు గేములు పోయాయి. చెమట కళ్ళల్లోకి కారుతోంది. చీర కొంగు బిగించి కట్టుకుంటూ కంచె వైపు చూశాను. మావ తల దించుకుని మోకాలు నొక్కుకుంటున్నాడు. ఇక సలహా రాదని అర్థమైంది.

ఆ తరువాత ఆమె నెట్టు దగ్గరకు వస్తే నేను బంతిని ఆమె తల మీదుగా ఎత్తి వెనక గీత దగ్గర పడేశాను. వెనక్కి పరుగెత్తింది, అందలేదు. మళ్ళీ వచ్చింది, మళ్ళీ ఎత్తాను. రాను రాను ముందుకు రావాలా వెనక ఉండాలా అని ఆమె మధ్యలో ఆగిపోవడం మొదలుపెట్టింది. మధ్యలో ఆగిన వాళ్ళ పాదాల దగ్గర బంతి వేస్తే వాళ్ళేం చేస్తారు? మూడు మూడు అయ్యింది. నాలుగు నాలుగు అయ్యింది. ఐదు నాలుగు నాకు.

చివరి పాయింటు నాకు ఇప్పటికీ చేతిలో ఉంది. ఆమె కొట్టిన బంతి నా ఎడమ పక్క బాగా దూరంగా వచ్చింది. పరుగెత్తి, దాదాపు పడిపోతూ, నెట్టు పక్క నుంచి తిన్నగా గీత వెంట కొట్టాను. సున్నం లేచింది. గీత మీద పడిందని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు, తెల్లటి పొడి గాలిలో కనిపించింది. ఆరు నాలుగు.

నేను కూడా ఊహించనంత గట్టిగా అరిచాను. ఏమని అరిచానో గుర్తులేదు. డాక్టరమ్మ గారు మెట్లు దిగి పరుగెత్తుకొచ్చి నన్ను పట్టుకున్నారు, ఆవిడ పట్టుచీరకంతా నా చెమట. మద్రాసు అమ్మాయి నెట్టు మీదుగా చెయ్యి చాపింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గాని, "రేపు మళ్ళీ ఆడదామా?" అని అడిగింది. ఆడతానన్నాను.

ప్లీడరు గారు కాఫీ గ్లాసు కింద పెట్టి, నా వైపు చూడకుండా మావతో అన్నారు: "రేపు ఆరు గంటలకు మెంబర్లు వస్తారు. ఆలస్యం చెయ్యొద్దని చెప్పు." అంతే. ఆయన ఆ తరువాత చాలా ఏళ్ళు నాతో ఆడలేదు. ఆయన ఇష్టం. మిగతావాళ్ళు ఆడారు, వాళ్ళ కోడళ్ళు, కూతుళ్ళు కూడా ఆడారు.

మావ తిన్నగా ఇంటికి వెళ్ళనన్నాడు. జిలేబీ కొనాలన్నాడు. సైకిలు వెనక ఆయన్ని కూర్చోబెట్టి, హ్యాండిలుకు రాకెట్టు తగిలించి, నేను నడిపించుకుంటూ బజారుకు వెళ్ళాను. మూడు లాంతర్ల కూడలి దగ్గర తెలిసిన బడ్డీవాడు "ఏటయ్యింది?" అని అడిగితే మావ "ఆరు నాలుగు!" అన్నాడు. గంటస్తంభం దాకా వెళ్ళేసరికి అది ఆరు రెండు అయ్యింది. మిఠాయి కొట్టులో ఆరు సున్నా.

"మావా, అబద్దాలు సెప్పకు," అన్నాను.

"నువ్వూరుకోవే. ఆడు టెన్నిసు సూసేడా, నేదు కదా. గట్టిగా గెలిసేవని ఆడికెలగ తెలుస్తాది?"

ఇంటికి వచ్చేసరికి అత్త గుమ్మంలో నిలబడి ఉంది. అరుపులు విని అప్పటికే తెలిసిపోయినట్టుంది. నన్ను కింద నుంచి మీద దాకా చూసింది. జిలేబీ పొట్లం అందుకుని, లోపలికి నడుస్తూ అంది:

"గెలిసినావు కదా, మరి కూకోకు. రేపు పొద్దున్న కోర్టు అలికి, కాళ్ళు కడుక్కుని, ఆరింటికి ఆడాల. బేగి తిని తొంగోయే."