ఒడ్డు చేరని పాట

హాపాయి దీవుల్లో ఏ ఇంట చావు జరిగినా, పాట కోసం జనం లెసియేలి గుమ్మమే తొక్కేవాళ్లు. ఆమె పెద్దగా చదువుకున్నది కాదు. చాప అల్లుతూ అల్లుతూనే పాట కట్టేసేది. పోయినవాళ్ల పేరు మాత్రం అందులో ఎక్కడా వినపడనిచ్చేది కాదు. పేరు పెట్టి ఏడిస్తే ఆ ఏడుపు చవకబారుదని అక్కడివాళ్ల నమ్మకం. ఫలానా పువ్వు రాలిందనో, ఫలానా రేవులో గాలి ఆగిందనో అంటే చాలు, ఎవరి సంగతో ఊరికి తెలిసిపోయేది.

అలాంటి మనిషి, తన మొగుడు పెనిసిమాని పోయాక ఏడాది కావస్తున్నా ఒక్క చరణం కట్టలేకపోయింది. ఏడాది నిండి, చావుకు కట్టిన నల్లబట్టలు మానే రోజున పాట ఉండి తీరాలి. ఆ పాట ఆడపడుచు కలొలైనేకి నచ్చాలి. అక్కడ తమ్ముడి ఇంట్లో అక్క మాటకు తిరుగులేదు.

చెట్టు బెరడును బట్టగా సాగగొట్టే పాకలో ఆడవాళ్లందరూ చేరినప్పుడు లెసియేలి గొంతు సవరించుకుంది.

"పెనిసిమానీ, నీ కంచం బోర్లించే ఉంది..."

సుత్తులు ఆగిపోయాయి. ఎవరూ తలెత్తలేదు.

"తప్పిపోయినవాణ్ణి వెతుకుతున్నావా, పేరు పెట్టి పిలుస్తున్నావు?" అంది కలొలైనే. "ఊళ్లో అందరికీ తిప్పి తిప్పి చెప్పావు. నా తమ్ముడి దగ్గరికొచ్చేసరికి తిన్నగా చెబుతున్నావా? హెయిలాలా పువ్వు పెట్టు."

"అది దొరల పువ్వు వదినా. ఆయన పక్కన కూచుంటే చేపల కంపేగా."

"అయితే ఏం? వాడు దేనికి తక్కువ?"

"ఆ పువ్వు పేరు వింటే జనం ఏ దొర గురించో అనుకుంటారు. తెలిసినవాళ్లు నవ్వుతారు. నవ్వేది నన్ను కాదు, ఆయన్ని."

"ఆదివారంలోగా నువ్వు కట్టకపోతే రాజధాని నుకుఅలోఫా నుంచి కవిని పిలిపిస్తా," అని తేల్చేసింది కలొలైనే.

ఆ కవి పెనిసిమాని మొహమైనా చూసినవాడు కాదు. లెసియేలికి రెండ్రోజులు ముద్ద దిగలేదు.

మూడోనాడు కర్రపెండలం ఒలుస్తుంటే ఆయన మాటలు గుర్తొచ్చాయి. గుర్తు చేసుకోడానికి పెద్దగా ఉన్నవీ కావు. పెనిసిమానికి ప్రేమ కబుర్లు రావు. రోజూ రాత్రి తింటూ, సముద్రం మీంచి ఇంటికి ఏ దారిన వచ్చాడో చెప్పేవాడు: పగడపు గట్టులో సందు, నీళ్లు రంగు మారే చోటు, పిట్టల దిబ్బ, దూరంగా చర్చి పైకప్పు. ఆమె సగం విని సగం వినకుండా ఊ కొట్టేది. ఇన్నేళ్లూ ఆయన తనకు చెప్పిందల్లా ఇంటికి రావడమేనని ఇప్పుడు తట్టింది.

శనివారం పాకలో కొత్త పాట పాడింది. అందులో మనిషి లేడు, పువ్వు లేదు. ఒక్కో గుర్తూ దాటుకుంటూ పడవ వస్తుంది. చర్చి పైకప్పు కనపడుతుంది. అక్కడితో పాట ఆగిపోతుంది.

"చివరి పంక్తి మరిచిపోయావమ్మా," అంది పక్కనున్న ఫుసి. "పడవ రేవుకు రానేలేదు."

"మరవలేదు. అక్కడే ఆపాలి. చప్పట్లు కూడా వద్దు."

"ఇదెక్కడి చోద్యం? ఒడ్డేదీ?" అంది కలొలైనే.

"ఒడ్డున మనమే కూచున్నాం కదా వదినా."

కలొలైనే చేతిలోని సుత్తిని అటూ ఇటూ తిప్పింది. అందరూ తిట్లకు సిద్ధపడ్డారు.

"పిట్టల దిబ్బ ముందు రావాలి," అంది చివరికి. "నీళ్లు రంగు మారేది దాని తరవాత. వాడికి ఆ దారి చిన్నప్పుడు చూపించింది నేనే. నువ్వు తిరగేసి పాడావు."

"ఆయన అలాగే చెప్పేవాడు."

"వాడు తింటూ చెప్పేవాడు. తింటున్నప్పుడు వాడికి ఏదీ వరసలో ఉండదు."

లెసియేలికి నవ్వొచ్చింది. ఏడాదిలో అదే మొదలు. ఆ రెండు పంక్తులూ అటుదిటూ ఇటుదటూ మార్చింది.

కలొలైనే కాళ్లు చాపుకుని సర్దుకు కూచుంది. "ఊఁ, మొదటినుంచీ పాడండి," అంది. "ఆపేచోట ఎవరూ దగ్గొద్దు."