నూటికి తొంభై రెండు

ఆ ఇంటి పెద్దమ్మాయిది జబ్బుల మూలం వెతికే ఉద్యోగం. లక్షల మంది రక్తం పరీక్షించి, వాళ్ళ డీఎన్‌ఏలో, రోగుల్లో ఎక్కువగా తేడా కనిపించే చోటు ఒకటి పట్టుకుంటారు. ఆ చుట్టుపక్కల జన్యువులు బోలెడు. వాటిలో అసలు దోషి ఏదై ఉంటుందో కంప్యూటరు మార్కులు వేస్తుంది. ఆమె మాత్రం ఆ మార్కుల మీద కాగితం ముక్క అడ్డం పెట్టి, ఒక్కొక్క జన్యువు గుణగణాలు పెదవి కొరుక్కుంటూ చదివాకే కాగితం తీస్తుంది. పెద్ద మార్కు కంట పడితే మనసు దాని వెనకే పరుగెడుతుందని ఆమె భయం. ఆ రోజు కాగితం తీసేసరికి వెనక చెల్లెలు నిలబడి ఉంది. గుండె లయ తప్పే జబ్బు చెల్లెలి తొలి బిడ్డను పొట్టన పెట్టుకుంది. ఇప్పుడు మళ్ళీ కడుపుతో ఉంది. తెర మీద అదే జబ్బు పేరు, దాని కింద ఒక జన్యువు పక్కన తొంభై రెండు.

"నూటికి తొంభై రెండా! అయితే దీనికీ తప్పదు. రేపే వెళ్ళి తీయించేసుకుంటానక్కా."

"అది నీ బిడ్డ మార్కు కాదే పిచ్చిదానా! వీధిలో దొంగతనం జరిగితే ముందు ఏ ఇంటి తలుపు కొట్టాలో చెప్పే మార్కు. నీ బిడ్డ సంగతి దానికేం తెలుసు?"

"కథలొద్దు. బతుకుతుందని చెప్పు, చాలు."

ఆ మాట అక్క నాలుక చివరిదాకా వచ్చింది. అది అనేస్తే చెల్లెలు రేపు ఆస్పత్రి గడప తొక్కదు. అయినా మింగేసింది.

"నాకు తెలీదమ్మా. ఎవరికీ తెలీదు."

చెల్లెలు మళ్ళీ తెరకేసి చూసింది.

"అంటే, పోతుందని కూడా తెలీదన్నమాట," అని బల్ల పట్టుకుని మెల్లగా కూర్చుంది.