వదులుగా ఒక లోను

ఆ వీధి టైలరును అందరూ వదులు మేస్త్రి అంటారు. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క, పెదాల మధ్య రెండు గుండుసూదులు. అన్నం తినడానికి తప్ప ఆ సూదులు తియ్యడు. కొలత ముప్పై వస్తే ముప్పై రెండు రాసుకుంటాడు. పిల్లల బట్టలైతే లోపల నాలుగంగుళాలు మడిచి మరీ కుడతాడు, "పెరిగే పిల్లలండీ" అంటూ.

కూతురికి కాలేజీలో సీటొస్తే ఆ టేపుతోనే, ఆమెను వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళ్లాడు. మేనేజరు రెండు కాగితాలు ముందు పెట్టాడు. ఒకటి ఏడేళ్లలో తీరే లోను, రెండోది ఇరవై ఏళ్లు సాగేది. మేస్త్రి రెండింటినీ గుడ్డ నలిపినట్టు వేళ్లతో నలిపి చూశాడు.

"ఏడేళ్లది చంకల్లో పట్టేస్తుందండీ. ఇరవై ఏళ్లది ఇవ్వండి, కాస్త గాలాడుతుంది," అన్నాడు సూదుల సందులోంచే.

పదో తరగతిలో తండ్రి కుట్టిన చొక్కా ఇంకా వదులుగానే ఉంటే, దాని చేతులు మడిచి తొడుక్కున్న కూతురు అతని చెవిలో గొణిగింది. "నాన్నా, దానికి రెండింతలు కట్టాలి. చదువయ్యాక మొదలెడితే, తీరేసరికి నాకు నలభై రెండేళ్లొస్తాయి."

మేస్త్రి సూదులు తీశాడు. కూతుర్ని ఈ భుజం నుంచి ఆ భుజం దాకా కళ్లతోనే కొలిచాడు.

"అప్పటికి నువ్వూ కాస్త ఒళ్లు చేస్తావులే, సరిపోతుంది," అని పెన్ను ఆమె చేతికిచ్చాడు.